ఈశాన్యం లేని ఇల్లు

కుప్పంలో పుట్టాను, మదనపల్లెలో బి.కాం. చదివాను, పుంగనూరు సంబంధం చేసుకున్నాను. పెళ్లయ్యాక మా ఆయన పనిని బట్టి ఈ మూడు ఊళ్లలోనూ అద్దెకున్నాం. మేము ఇల్లు కట్టుకుందామని స్థలం తీసుకున్నది మూడింటిలో ఏ ఊళ్లోనో చెప్పను. సగం భయం. మిగతా సగం ఏమిటంటే, ఊరి పేరు చెబితే మిగిలిన రెండు ఊళ్లవాళ్లు ‘ఓ, ఆ ఊళ్లోనా’ అని హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఎవరైనా అంత హాయిగా ఊపిరి పీల్చుకుంటే నాకు ఇప్పటికీ కొంచెం కుళ్లు.

ఎందుకంటే ఈ కథంతా ఊపిరి గురించే. మా పాపకు ఏడాది నిండకముందు నుంచే పిల్లికూతలు. మేమున్నది సిమెంటు రేకుల గది. ఎండాకాలం మధ్యాహ్నమైతే రేకులు పెనంలా కాలేవి. చలికాలం తెల్లవారేసరికి ఆ రేకుల నుంచే చెమ్మ బొట్లుబొట్లుగా పక్కమీద పడేది. వేడికీ చెమ్మకూ దేనికైనా సరే, పాప ఛాతీలో సన్నగా ఈల మోగేది. నేను చేతిలో పని వదిలేసి పోయి ఆ ఛాతీ మీద చెవి పెట్టి వినేదాన్ని. ఈల వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం.

“నిద్రపోయే బిడ్డను నువ్వే లేపుతాండావు గదమ్మే” అనేది మా అత్త. “దానికి జబ్బు సగం, నీ చెవి సగం.”

మదనపల్లెలో పిల్లల డాక్టరుకు చూపించాం. ఎక్కడెక్కడి జనమో మంచి గాలి కోసం వెతుక్కుంటూ వచ్చే ఊరది. ఆయన స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టి, “మందు నేనిస్తానమ్మా, గాలి నేనిచ్చేదానికి ల్యాదు. వచ్చే ఎండలకు ముందే ఆ రేకుల కింద నుంచి బిడ్డను తీసేయండి” అన్నాడు. వర్షాలు అప్పుడే మొదలయ్యాయి. ఎండలకు ముందే అంటే చాలా టైముందనుకున్నాం. ఆఫీసుల లెక్కలో అది ఎంత టైమో అప్పటికి మాకు తెలియదు.

మా ఆయన పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, ఇతరుల ఇళ్ల పనుల మీద సూపర్‌వైజరుగా తిరిగేవాడు. ఒకసారి తంబళ్లపల్లె వైపు ఏదో పని మీద పోయి, మిట్టమధ్యాహ్నం గొర్రెలవాళ్లెవరో వేసుకున్న గుండ్రటి గుడిసెలో కూర్చుని వచ్చాడు. బయట బండలు పేలుతుంటే లోపల చల్లగా ఉందట. అప్పటి నుంచి పట్టుకుంది ఆయనకు గుండ్రటి పిచ్చి. మా స్థలంలోని ఎర్రమట్టిలోనే కాస్త సిమెంటు కలిపి, చేతి మిషన్లో ఒత్తి ఇటుకలు చేసుకోవచ్చన్నాడు. గుండ్రంగా కడితే అదే గోడకు ఎక్కువ చోటు వస్తుందన్నాడు. పైన పెంకుల కప్పు, దాని నడినెత్తిన వేడిగాలి పోయేదానికి చిన్న గూడు. ఆ ప్లాను చూస్తే నాకు బోర్లించిన గంప గుర్తొచ్చింది. కానీ ఆ గూడు దగ్గర పెన్సిలుతో పైకి బాణం గుర్తు వేసి ‘వేడి’ అని రాశాడు. ఆ ఒక్క మాటకు నేను ఒప్పుకున్నాను.

అదే నెలలో మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన అంటించారు. మన వాతావరణానికి తగినట్టు, తక్కువ ఖర్చుతో, వినూత్న పద్ధతిలో ఇల్లు కట్టుకునేవారి ప్రతిపాదనలను ప్రత్యేక కమిటీ పరిశీలించి సత్వరం అనుమతి ఇస్తుందట. మామూలు ఇంటి ప్లానుకు అనుమతి రావాలంటే చెప్పులరిగేవి. అనుమతి లేకుండా కడితే కరెంటు ఇచ్చేవాళ్లు కాదు. సత్వరం అన్న మాట చదివి మేము ఆ బోర్డు ముందే నవ్వుకున్నాం. అంత అమాయకంగా నవ్వుకోవడం మళ్లీ కుదరలేదు.

కమిటీలో ముగ్గురు. మొదటివాడు ఇంజనీరు సారు. ఏ కాగితమైనా సంతకం పెట్టకుండా ఎంత దూరం పంపొచ్చో ఆయనకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. రెండో ఆయనకు బజారులో సిమెంటు, కడ్డీల అంగడి. వాస్తు కూడా చెప్తాడు. ఆ రోజుల్లో వాస్తు ఊరంతా కలరాలా తిరుగుతుండేది; బాగా బతుకుతున్నవాళ్లు కూడా గుమ్మాలు పీకి పక్కకు పెట్టుకునేవాళ్లు. ఈయన కనిపెట్టిన దోషాలన్నింటికీ విరుగుడు ఒకటే, ఇంకొంచెం కాంక్రీటు. మూడో సభ్యురాలు ఆడవాళ్లకు కేటాయించిన సీటులో గెలిచిన కౌన్సిలరమ్మ. ఆమెను నేను గోడల మీద పోస్టర్లలో తప్ప చూడలేదు. మీటింగులకు ఆమె భర్త వచ్చేవాడు. అందరూ ఆయన్నే కౌన్సిలరన్నా అని పిలిచేవాళ్లు. ఆయన కూడా పలికేవాడు.

మొదటి మీటింగుకు మా ఆయనతో నేనూ పోయాను. పాపను విడిచిపెట్టి పోయే ధైర్యం లేక ఎత్తుకునే పోయాను. ఆఫీసు మేడమీది గదిలో ఫ్యాన్ కింద ముగ్గురూ కూర్చున్నారు. మా ఆయన ప్లాను బల్ల మీద పరిచాడు.

ఇంజనీరు సారు ముందు ఫారం చూశాడు. “నాలుగు గోడల కొలతలు రాయల్లని ఉండాది గదప్పా. ఒకటే రాసినావు.”

“ఒకటే గోడ సార్. గుండ్రంగా తిరిగొస్తాది.”

“మిగతా మూడు?”

“ల్యావు సార్.”

సారు కౌన్సిలరన్న వైపు చూశాడు. “మూడు గోడలు ల్యాకుండానే పర్మిషన్ అడుగుతాండాడన్నా” అన్నాడు, ఎవరో మూడు గోడలు ఎత్తుకుపోయినట్టు.

“గోడల్యాకుంటే దొంగలు పడతారు గదా” అన్నాడు కౌన్సిలరన్న బాధగా.

ఇంతలో సిమెంటంగడి ఆయన ప్లాను తనవైపు లాక్కున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, బస్సు స్టీరింగులా మొత్తం ఒక చుట్టు తిప్పాడు. ఎటు తిప్పినా ప్లాను ఒకేలా ఉంది. ఆయన మొహంలో మొదటిసారి నిజమైన కలవరం కనిపించింది.

“ఈశాన్యం యాడుండాది?”

మా ఆయన వేలు పెట్టి చూపించాడు. “ఇదన్నా. ఉత్తరానికీ తూర్పుకూ నడాన.”

“అది దిక్కప్పా. నేను అడగతాండేది మూల. మూల సూపీ.”

“గుండ్రంగా ఉంటే మూల ఉండదన్నా.”

“మూల ల్యాకుంటే ఈశాన్యం యాడికి పోవల్ల? గాల్లో నిలబడల్లనా?”

నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి పాపను ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చాను. ఆ కదలికకు పాపకు దగ్గు వచ్చింది, దగ్గు వెంట ఈల మొదలైంది. ఫ్యాన్ చప్పుడులో కూడా వినబడింది. కౌన్సిలరన్న జాలిగా చూశాడు. “పాపకు జలుబు చేసినట్టుండాది. ఈడ యాలమ్మా, బయట కూర్చో పో. ఈడ ముఖ్యమైన విషయం మాట్లాడతాండాం.”

బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల ముఖ్యమైన విషయం చాలాసేపు నడిచింది. చివరికి మా ఆయన వచ్చి చెప్పాడు: ఇలాంటి ఇల్లు ఇదివరకు ఎవరైనా కట్టిన దాఖలా తేవాలట.

“ఎవురూ కట్టకపోతేనే గదా కొత్తది?” అన్నాను.

“నేనూ అదే అడిగినా. కొత్తదే కావల్ల గానీ, కొత్తదని నమ్మేదానికి పాతది ఒకటి సూపియ్యమంటాండారు.”

దాఖలా మేము తేలేకపోయాం. కమిటీయే మా మీద దయతలచి స్వయంగా వెతకడానికి బయల్దేరింది. అద్దె జీపులో మిగిలిన రెండు ఊళ్లకూ స్టడీ టూరు. పక్క ఊళ్లలో వినూత్న గృహాల కోసం గాలించారట. దొరకలేదు. దొరికినవి బిర్యానీ హోటళ్లు. తిరిగొచ్చి రిపోర్టు రాశారు: చుట్టుపక్కల ఎక్కడా వినూత్న గృహాలు లేనందున ప్రస్తుత ప్రతిపాదనను పోల్చి చూడటానికి వీలు కాలేదు. ఆ తర్వాత ఎక్కడి నుంచో ఇంకో ఊరి కమిటీ మా ఊరికి స్టడీ టూరు వచ్చింది. మావాళ్లు వాళ్లకు సిమెంటంగడి ఆయన కొత్త మేడ చూపించి పంపారు. దాని వినూత్నత ఏమిటంటే, మెట్లు బయట ఉన్నాయి.

రెండో మీటింగు వాయిదా పడింది, సిమెంటంగడి ఆయన ఇంట్లో పెళ్లి. మూడోది వాయిదా పడింది, ఇంజనీరు సారు లీవు. అంతలో చలికాలం వచ్చింది. రేకుల కింద పాత చీర కట్టి చెమ్మ పక్కమీద పడకుండా చూశాను. చీర తడిసి బరువెక్కి ఒకరోజు మొత్తం మా మీద కూలింది. ఆ వారం పాపను మదనపల్లె ఆసుపత్రిలో పెట్టాం. మందు పొగ పట్టే మాస్కు పాప మొహానికి పెద్దదై, నర్సు చేత్తో పట్టుకుని నిలబడేది. నేను పక్కన కూర్చుని ప్రతి ఊపిరికీ నా ఊపిరి కలిపేదాన్ని. మా ఆయన అక్కడి నుంచే ఆఫీసుకు పోయి, ఫైలు ఎక్కడుందని అడిగి వచ్చాడు.

“ఏమన్నారు?”

“మూలన పడిందంట.”

మా ఇంటికి లేని మూల మా ఫైలుకు మాత్రం దొరికింది. ఆ రోజు నవ్వు రాలేదు.

ఎండలు మొదలయ్యే ముందు కమిటీ ఎట్టకేలకు స్థలం చూడటానికి వచ్చింది. మా అత్త కూడా వచ్చింది. మా ఆయన ముగ్గుతో నేల మీద ఇంటి వృత్తం గీసి పెట్టాడు. ముగ్గురూ ఆ వృత్తం చుట్టూ తిరిగారు, లోపలికి మాత్రం రాలేదు. నడిచి నడిచి సిమెంటంగడి ఆయన ఒకచోట ఆగాడు.

“ఒక పని చెయ్యండి. ఈడ గోడకు బయట పక్క ఒక మూల తగిలించండి. ముక్కు మాదిరి. ఒక పిల్లరేసి, పునాది నుంచి కడ్డీ లేపి, కాంక్రీటు పోసేస్తే ఈశాన్యం వచ్చేస్తాది. కడ్డీలు మన అంగట్లోనే ఉండాయి.”

“మట్టి గోడకు ఒక్క పక్క కాంక్రీటు పిల్లరేస్తే ఆడే పగులుతాదన్నా” అన్నాడు మా ఆయన.

“పగిలితే ఇంకో పిల్లరేస్తాం.”

ఇంజనీరు సారు తల ఊపాడు. “మారిస్తే మల్లా కొత్త ప్లాను ఇయ్యల్ల. కొత్త ప్లాను మల్లా మీటింగుకు పెట్టల్ల.”

“మల్లా మీటింగు ఎప్పుడు సార్?” అన్నాను.

“ఎండలు తగ్గినాక పెట్టుకుందాం లేమ్మా. ఎండాకాలం వేడికి ఆ రూములో ఎవురు కూర్చుంటారు?”

ఎవరి ముందైనా సరే, ఊరుకునే అలవాటు మా అత్తకు లేదు. కొంగు నడుముకు దోపుకుని ముగ్గు గీత దాటి వృత్తం మధ్యలోకి పోయి నిలబడింది.

“ఏమప్పా, మనిసి పండుకునేదానికైతే మూల కావల్లనా?”

“కావల్ల పెద్దమ్మా. శాస్త్రముండాది గదా.”

“గొడ్డు పండుకునేదానికి?”

సిమెంటంగడి ఆయన ఆలోచించాడు. “గొడ్డుకు అంత పట్టింపు ల్యా.”

“మీటింగు?”

“కొట్టానికి మీటింగు యాల?” అన్నాడు ఇంజనీరు సారు.

“అట్లయితే మమ్మల్ని గొడ్లనే రాసుకోండప్పా! నేను ముసలావును. ఇది నా కోడలు, పాడావు. అది దూడ. వీడు నా కొడుకు, ఇన్ని దినాలు మీ సుట్టూ తిరిగినాడు గాబట్టి వీడు గానుగెద్దు. రాసుకోండి, గుండ్రంగా ఉండేది కొట్టమని రాసుకోండి!”

మా ఆయన మొహం పాలిపోయింది. పెద్దమనుషుల్ని ఎత్తిపొడిచింది, ఇక అయిపోయిందనుకున్నాను. కానీ ఇంజనీరు సారు మొహం వెలిగిపోయింది. ఇన్ని నెలల్లో మా పని మీద ఆయనకు సంతోషం కలగడం అదే మొదటిసారి. జేబులోంచి పెన్ను తీశాడు.

“పెద్దమ్మ కరెక్టుగా చెప్పింది. కొట్టమని పెడితే కమిటీకే రాదు. నా సంతకమే సాలు. అన్నా, నీకేమన్నా అభ్యంతరమా?”

“కొట్టానికి నాకేం అభ్యంతరం” అన్నాడు సిమెంటంగడి ఆయన. “పునాదికి సిమెంటు మాత్రం మన అంగట్లో తీస్కోండి.”

“మేడమ్‌కు నేను చెప్తాలే” అన్నాడు కౌన్సిలరన్న. ఏ మేడమ్‌కో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. భార్య సంగతే అయ్యుంటుందని అందరం తల ఊపాం.

ఎత్తిపొడుపును ఎత్తిపొడుపుగా తీసుకునే మర్యాద కూడా లేని మనుషుల్ని నేను ఆ రోజే చూశాను. ఆ మర్యాద లేకపోవడం వల్లే మాకు ఇల్లొచ్చింది. తప్పెవరిదో, మేలెవరిదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఇంటికొచ్చాక మా అత్త ఒక పూట అన్నం తినలేదు. “నేను తిట్టినా గదమ్మే, వాడు యాల థ్యాంక్స్ చెప్పినాడు?” అంది.

అనుమతి వారంలోనే వచ్చింది. సత్వరం అన్న మాట అబద్ధం కాదు, పశువులకు వర్తిస్తుంది. ఇటుకలు ఒత్తడం, గోడ లేపడం, పెంకులు వేయడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. సున్నం ఇంకా ఆరకముందే, ఎండలు ముదిరేసరికి చేరిపోయాం. మొదటి రోజు మిట్టమధ్యాహ్నం పాపను నడిమధ్యలో చాప మీద పడుకోబెట్టి, నేను చెవి పెట్టి విన్నాను. ఈల లేదు. భయమేసి మా అత్తను కూడా వినమన్నాను. ఆమె విని, “పోయి ఎసరు పెట్టు” అంది.

అసలు తిప్పలు తర్వాత మొదలయ్యాయి. కొట్టమన్నాక గొడ్డు ఉండాలి. ఆఫీసు నుంచి మనిషి తనిఖీకి వస్తాడని తెలిసి, మా అత్త చెల్లెలింటి నుంచి పుంగనూరు ఆవును తోలుకొచ్చాం. పొట్టి ఆవు, వాకిట్లో వంగకుండా లోపలికి వచ్చేసింది. గోడ పొడుగునా వాసన చూసుకుంటూ ఒక చుట్టు తిరిగింది. మా ఇంటిని అంత శ్రద్ధగా పరిశీలించింది అదొక్కటే. తనిఖీకి వచ్చినాయన ఆవును చూశాడు, మంచాన్ని చూశాడు, గోడకున్న పెళ్లి ఫోటోను చూశాడు. “ఆవు బాగుండాది” అని రాసుకుని పోయాడు.

ఏడాది తర్వాత పైనుంచి పెద్ద అధికారి వస్తున్నాడని, ఊళ్లో వినూత్న గృహం ఏదైనా చూపించాలని కబురు వచ్చింది. కమిటీకి చూపించడానికి ఊరంతటికీ ఉన్నది మా ఇల్లొక్కటే. చూపిస్తే అనుమతి కాగితం అడుగుతారు. కాగితంలో ఇల్లని లేదు. ఇంజనీరు సారు పొద్దున్నే పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“అమ్మా, ఒక్క పూట సర్దుకోండి. మంచాలు బయట పెట్టండి. ఆవును తెప్పీండి.”

పెద్ద అధికారి వచ్చి లోపల నిలబడి, కప్పు వైపు చూసి, చెమట తుడుచుకోబోయి, చెమట లేదని గ్రహించి ఆశ్చర్యపోయాడు. “పశువులకే ఇంత చల్లగా కట్టారంటే ఈ ఊళ్లో మనుషులకు ఇంకెంత బాగా కడుతున్నారో!” అన్నాడు. కమిటీ ముగ్గురూ వినయంగా నవ్వారు. సిమెంటంగడి ఆయనైతే సిగ్గుపడ్డాడు కూడా. ఫోటో తీసేటప్పుడు మా పాప ఆవు పక్కకు పోయి నిలబడింది. కౌన్సిలరన్న నాకు సైగ చేశాడు. “పాపను పక్కకు తియ్యమ్మా. ఆవు కనపడల్ల.”

తీశాను. ఆ ఫోటో ఆఫీసులో చాలాకాలం వేలాడిందని విన్నాను. నేను చూడటానికి పోలేదు.

ఇప్పుడు పాప ఒకటో తరగతి. రోజంతా పనితో సరిపోతుంది కనుక అది పడుకున్నాకే ఇవన్నీ రాసుకుంటున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి పోయి చెవి పెట్టి విన్నాను, ఆ అలవాటు పోలేదు. ఇది రాయాలనిపించడానికి కారణం ఈ రోజు సాయంత్రం జరిగిన సంగతి. బడిలో పిల్లలందర్నీ మీ ఇల్లు గీయమన్నారట. మా పాప గుండ్రంగా గీసి, నడుమ గూడు పెట్టి, ఎర్రరంగు వేసింది. టీచరమ్మ దాని మీద అడ్డంగా గీత కొట్టి, కింద ‘తప్పు’ అని రాసింది. పాప ఏడవలేదు. నన్ను తీసుకుపోయి, టీచరమ్మకు చెప్పమని బడి వాకిట్లో నిలబెట్టింది.

“ఏందమ్మా మేడం, పాప బొమ్మ…”

“ఇల్లు గీయమంటే దోసె గీసిందమ్మా” అంది టీచరమ్మ నవ్వుతూ. మంచి మనిషే. “ఇల్లంటే ఎట్లుంటాదో ఇంట్లో మీరైనా నేర్పీయల్ల గదా. మూడు గీతలు, పైన కప్పు. ఒక్క గోడైనా నిలువుగా గీసిందా సూడండి.”

నేను నోరు తెరిచాను. అది మా ఇల్లేనని చెప్పాలి. చెబితే ఈమె ఇంటికి పోయి భర్తకు చెప్తుంది. ఆయన పని చేసేది ఆ మున్సిపల్ ఆఫీసులోనే అని నాకు తెలుసు. గుండ్రంగా ఉన్నది ఇల్లని తెలిస్తే ఇంటి పన్ను వస్తుంది, ప్లాను అడుగుతారు, ప్లాను కమిటీకి పోతుంది, కమిటీ ఈశాన్యం అడుగుతుంది, మేము మళ్లీ రేకుల కింద. ఇదంతా ఒక్క ఊపిరిలో నా తలలో తిరిగింది. పైగా టీచరమ్మ అన్నదాంట్లో తప్పేముంది? అది ఇల్లు కాదని ప్రభుత్వం ముద్రవేసి సంతకం పెట్టిన కాగితం మా బీరువాలోనే ఉంది.

“సరే మేడం, నేర్పిస్తాను” అన్నాను.

పాప నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు ముందు చిన్నబోయినంతగా నేను ఏ కమిటీ ముందూ చిన్నబోలేదు. నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. పుస్తకాల సంచీ వీపున ఎగురుతుండగా, బడి నుంచి మా ఇంటికి ఎక్కే ఎర్రమట్టి మిట్ట దారంతా ఎక్కడా ఆగకుండా పరిగెత్తింది. దానికి కోపం ఎంతుందో, ఊపిరి అంతే ఉంది. వెనకాల ఆయాసపడుతూ ఎక్కింది నేనే.